చెనిగింజల ఊరుబిండి

అక్కా, ఫోనులో చెబుదామంటే పక్కింటి అనంతలక్ష్మి ఎప్పుడూ నా వంటింట్లోనే ఉంటుంది, అందుకే ఇన్నాళ్ళకు కార్డు రాస్తున్నాను. స్వామి దయవల్ల మేమంతా బాగున్నాం.

ఆమె భీమవరం నుంచి కొత్తగా వచ్చింది. మన ఊరుబిండి పచ్చడి ఎలా చేయాలని అడిగితే, "చెనిగింజలు వేయించి నూరు తల్లీ" అన్నాను. మనకవి వేరుశనగలు, ఆమెకు శనగలట! శనివారం భజన తర్వాత మా వీధి ఆడవాళ్ళమంతా తలా ఒక వంట తెచ్చుకుంటాం. మొన్న ఆమె శనగలే నూరి తెచ్చింది. మొదటిసారే నవ్వులపాలవుతుందేమోనని భయపడ్డాను. భజన నడిపే చంద్రకాంతమ్మ సంగటితో నంజుకొని, "యాడ నేర్చినావు మే, ఇంత రుచిగా ఉండాదే" అంది. "ఈ అక్కగారే చెప్పారండీ" అంది అనంతలక్ష్మి నన్ను చూపించి. గిన్నె ఖాళీ అయింది. నేనూ ఇంకాస్త వడ్డించుకున్నాను.

వచ్చే శనివారం ఊరుబిండి నన్ను చేయమన్నారు. అసలుది చేస్తే ఆమె చిన్నబుచ్చుకుంటుంది. అందుకని దానికే వేరే పేరు చెప్పి పెడతాను, మంచి పేరొకటి ఆలోచించు. ఇటు వచ్చే జయచంద్రతో మన చేలో వేరుశనగ కాయలు పంపించు. బావ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు నా ఆశీస్సులు.

ఈ కార్డు దాచుకో, ఎవరికీ చూపించకు. పోస్టుమ్యాన్ చదివినా పరవాలేదు, ఆయనది మన వైపు పాకాలే, చెనిగింజలంటే ఏమిటో తెలుసు.

నీ చెల్లెలు
భానుమతి