మా ముందుగదిని బస్‌స్టాపు పదవి నుండి తప్పించుట

పట్టణ పాలనాధికారి గారి సముఖమునకు బోర్డుల పెయింటరు వ్రాసుకొను అర్జీ.

విషయం: మతి అదుపులో లేనప్పుడు నేను పెట్టుకున్న అర్జీని తమరు మంజూరు చేసినందున, మతి కుదిరిన మీదట దానిని రద్దు చేయమని కోరుట, మరియు నా గోడ మీద నేను రాసిన బోర్డును నేనే చెరుపుకొనుటకు అనుమతి గురించి.

అయ్యా,

ఈ పట్టణంలోని సర్కారు బోర్డులన్నీ చాలా ఏళ్లుగా నా చేతి మీదుగానే తయారగుచున్నవి. అనుమానముంటే ఏ బోర్డుకైనా కింద కుడిమూలన చూడవలెను. ఒక చిన్న చుక్క ఉండును. అది నేను. దిగువ విషయములను తమరు శాంతముగా చదువవలెనని ప్రార్థన. నేను శాంతముగానే రాయుచున్నాను. అందుకు నాకు మాత్రలు కూడా ఉన్నవి.

1. పోయిన వానాకాలంలో నాకు ఆయాసం పట్టుకొనగా, ఛాతీ డాక్టరు గారు స్టెరాయిడ్ మాత్రలిచ్చి, మెల్లగా తగ్గించుకుంటూ మానేయమన్నారు. ఆయాసం తగ్గినది. మాత్ర మాత్రం నేను తగ్గించలేదు. అది వేసుకున్నాక నా అంతవాడు లేడనిపించెడిది. నిద్ర అక్కర్లేదు, తిండి అక్కర్లేదు, ఎదుటివాడు మాట పూర్తి చేయనక్కర్లేదు. వంటింటి తలుపు మీద ‘అనుమతి లేనిదే లోనికి రారాదు’ అని రాశాను. పక్కింటాయన సైకిలు మీద ‘ప్రభుత్వ ఆస్తి’ అని రాశాను. ఆ సైకిలును పోలీసువారు మర్యాదగా స్టేషనుకు తీసుకుపోయినారు. పక్కింటాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు.

2. ఆ ఊపులోనే, మా ఇంటి ఎదుట ఎండలో బస్సు కోసం నిలబడిన జనాన్ని చూసి నా గుండె కరిగి నీరైనది. మా ముందుగదిని అద్దె లేకుండా శాశ్వతంగా బస్‌స్టాపునకు ఇచ్చుచున్నానని తమకు అర్జీ పంపి, జవాబు వచ్చేదాకా ఆగే ఓపిక లేక, గోడ మీద ‘బస్సులు ఇచ్చట ఆగును’ అని రాసేశాను. ఊళ్లో బోర్డులన్నిటి చేతివ్రాతా ఒకటే గనుక, డ్రైవర్లు అది తమరు పెట్టించినదే అనుకొని బస్సులు ఆపసాగినారు. బస్సులు ఆగుచున్నవి గనుక అది బస్‌స్టాపేనని తమ కార్యాలయం వారు మంజూరు ఉత్తర్వు పంపినారు. మా ఇంటి ముందు మురుగుకాలువకు మూత వేయించమని, బుద్ధి నిలకడగా ఉన్న కాలమంతా నేను పెట్టుకున్న అర్జీలకు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. తమ వద్ద పని జరగాలంటే ఏ మాత్ర వేసుకోవాలో నాకిప్పుడు తెలిసినది గానీ, డాక్టరమ్మ గారు వద్దన్నారు.

3. సదరు డాక్టరమ్మ గారు మానసిక వైద్యులు. నా భార్య నన్ను ఆమె వద్దకు తీసుకుపోయి, “కనబడిన ప్రతిదాని మీదా రాసేస్తున్నాడమ్మా. ఒకచోట కదలకుండా కూర్చోవాలంటే నాకే భయంగా ఉంది” అని మొరపెట్టుకున్నది. డాక్టరమ్మ గారు నవ్వు ఆపుకొని, నా మాటలన్నీ విన్నారు. “మెదడులో హుషారుకి ఒక గొళ్లెం ఉంటుందనుకోండి. ఆ మాత్ర మీకు దాన్ని తీసేసింది. అందరికీ తీయదు. మీకు తీసింది” అన్నారు. ఆయాసం మాత్రను ఛాతీ డాక్టరు గారితో మాట్లాడి మెల్లగా మాన్పించినారు. హుషారు దిగినది. దానితోపాటు నేనూ దిగిపోయినాను. కొన్నాళ్లు గోడవైపు తిరిగి పడుకోవడమే నా పని. స్నానం చేయమంటే ఏడుపు వచ్చెడిది.

అప్పుడు మనసును నిలకడగా ఉంచేందుకు లిథియం మాత్ర ఇచ్చినారు. అది ఒక రకం ఉప్పట. ఆ ఉప్పు తిన్న విశ్వాసంతోనే నేనిప్పుడు బుద్ధిగా ఉన్నాను. వేళకు మాత్ర, వేళకు నిద్ర, పిలిచినప్పుడు రక్తపరీక్ష. “నిద్ర సగం మందు. అది పాడుచేసుకుంటే మిగతా సగం నేను ఇచ్చినా లాభం లేదు” అని ఆమె ఖరాఖండిగా చెప్పినారు.

4. ఆ సగం మందును తమ తెల్లవారుజాము బస్సు రోజూ తొక్కుకుంటూ పోవుచున్నది. ముందుగదికీ నా పడకకూ మధ్య చెక్క అడ్డు తప్ప మరేమీ లేదు. హారను మోగేసరికి నేను మంచం మీద లేచి కూర్చొనుచున్నాను, మళ్లీ నిద్ర పట్టదు. ప్రయాణికులు మా కుర్చీల్లో కూర్చొని, మా అద్దంలో తల దువ్వుకొని, మా పిల్లి బరువు మీద అభిప్రాయములు వెలిబుచ్చుచున్నారు. ఒకావిడ కర్టెను రంగు బాగాలేదన్నది. నా భార్య మార్చినది. నేను చెప్పినప్పుడు మార్చలేదు.

5. వీరందరిలో గొడుగు పెద్దాయన ఒకరు. ఎండైనా వానైనా గొడుగుతో వస్తారు, ఏ బస్సూ ఎక్కరు. ఎందుకు వస్తున్నారని అడిగితే, “ఎక్కడానికి కాదు నాయనా, నలుగురు మాట్లాడుకుంటుంటే వినడానికి” అన్నారు. ఒకనాటి సాయంత్రం నేను మాత్రను నాలుక కింద దాచి, కిటికీలోని పూలకుండీలో ఉమ్మడం ఈయన చూసినారు. పక్కకు పిలిచి మెల్లగా చెప్పినారు. “నీ పెళ్లి కాకముందు నుంచీ నేనూ అదే మింగుతున్నా. కుండీలో వేస్తే మొక్క నిమ్మళంగా ఉంటుంది, నీకేం లాభం?”

మెల్లగా చెప్పినది నాకు. తరువాత కండక్టరుకు కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నారు. నాటి నుండి సాయంత్రం బస్సు, నేను మాత్ర మింగి నాలుక చాపి చూపేదాకా కదలడం లేదు. బస్సు నిండా జనం కిటికీల్లోంచి నా నాలుకను పరిశీలించుచున్నారు. ఆలస్యమైతే నన్నే తిట్టుచున్నారు. పన్ను కట్టే పౌరుడి నాలుక పట్ల ఇది తగునా అని ప్రశ్న.

6. నిద్ర చెడితే పాత జబ్బు తిరగబెట్టవచ్చునని డాక్టరమ్మ గారి మాట. జబ్బు తిరగబెడితే నేను తప్పకుండా మళ్లీ అర్జీలు రాస్తాను. పోయినసారి తమ కుర్చీ వెనుక గోడకు ఏ రంగు బాగుంటుందో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఇది బెదిరింపు కాదు. వైద్య సమాచారం.

7. పోనీ బోర్డునైనా చెరుపుకుందామని కుంచె పట్టుకోగా, తమ సిబ్బంది ఒకరు వచ్చి, సర్కారు బోర్డును చెరిపితే జరిమానా అన్నారు.

“మరి ఎవరు చెరపొచ్చు?” అన్నాను.

“ఆఫీసు పెట్టుకున్న పెయింటరు చెరపొచ్చు.”

“ఎవరాయన?”

“మీరేగా.”

“అయితే చెరిపేస్తున్నా.”

“ఆర్డరు లేకుండా ఎలా చెరుపుతారండీ?” అని ఆయన నా మీద నిజంగానే నొచ్చుకున్నారు.

8. ఇక అసలు సంగతి. దీనిని రాయకూడదనే ఇంతసేపు పిల్లి గురించి, నాలుక గురించి రాశాను.

ఆ గోడ మీద అక్షరాలు చూశారా తమరు? చూడవలెను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. గీత కొట్టుకొనే తాడు లేదు, కొలత లేదు, ఒక్క ఊపున రాసినవి. ఇప్పుడు మాత్ర వల్ల చెయ్యి వణుకుతున్నది. డాక్టరమ్మ గారికి చెబితే మోతాదు సవరించినారు, కొంత తగ్గినది, పూర్తిగా పోలేదు. నిలువుగీత నిలువుగా రావడం లేదు. మొన్న బట్టల కొట్టు వాళ్లు బోర్డు వాపసు పంపినారు. పొద్దున తలుపు తీస్తే ఆ అక్షరాలు కనబడతాయి. మాత్ర మానేస్తే మళ్లీ ఇలా రాయొచ్చు కదా అనిపిస్తుంది. కుండీలో ఉమ్మింది అందుకే. నా భార్యకు ఈ మాట చెప్పలేదు. నేను కులాసాగా ఉన్న ఆ రోజుల్లో ఆమె కంటినిండా పడుకోలేదు, నేను ఇంకేం రాస్తానోనని. నాకు భయంగా ఉందండీ. బస్సులకు కాదు, ఆ గోడకు.

కావున తమరు దయతో చిత్తగించి, మా ముందుగదిని బస్‌స్టాపు బాధ్యత నుండి విడుదల చేసి, తక్షణం సదరు బోర్డును చెరుపుటకు నాకు ఉత్తర్వు ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు, వేళకు మాత్ర వేసుకొనువాడు,
బోర్డుల పెయింటరు

మరచిన మనవి: ఈ అర్జీని తమ కార్యాలయంలో ఇచ్చుటకు బస్సెక్కవలసి ఉండగా, ఆ బస్సు కోసం పొద్దున నా ముందుగదిలోనే కూర్చోవలసి వచ్చినది. చేతిలో కాగితం చూసి గొడుగు పెద్దాయన అడిగి పుచ్చుకొని, కళ్లజోడు సవరించుకొని, అందరికీ వినబడేలా చదవసాగినారు. ఎనిమిదో అంశం దగ్గర గొంతు తగ్గించినారు గానీ, అప్పటికే నా భార్య వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నది.

ఆమె లోపలికి పోయి తెల్లరంగు డబ్బా, కుంచె తెచ్చి నా చేతిలో పెట్టినది.

“ఆర్డరు లేదే” అన్నాను.

“నేనిస్తున్నా. చెరిపెయ్. చెరిపాక మళ్లీ అదే రాయి, ఇప్పటి చేత్తో రాయి. వీళ్లంతా ఎండలో నిలబడాలా ఏంటి?”

కనుక నేరం జరిగిపోయినది. పొద్దున తెల్లరంగు పూశాను. ఎండకు ఆరినాక అవే అక్షరాలు మళ్లీ రాశాను. ‘ఇ’ కాస్త కుంగినది, ‘గు’ కొమ్ము పక్కకు పోయినది. ప్రయాణికులు ఊపిరి బిగబట్టి చూశారు. పిల్లి కూడా చూసినది. సాయంత్రం బస్సు వచ్చినది. కండక్టరు దిగి, బోర్డు కేసి చాలాసేపు చూసి, “ఏంటి మాస్టారూ, అక్షరాలు బస్సొస్తుందేమోనని తొంగి చూస్తున్నట్టున్నాయి?” అన్నాడు. తరువాత, “సరే, నాలుక” అన్నాడు. చూపించాను.

కాబట్టి పై అర్జీలో తెల్లవారుజాము హారను తప్ప మిగతావన్నీ రద్దు. దానిని మాత్రం దయచేసి మాన్పించండి. బోర్డు చెరిపినందుకు జరిమానా వేస్తే నా భార్య పేర వేయవలెను, ఉత్తర్వు ఆమెది. మురుగుకాలువ మూత సంగతి మళ్లీ మనవి చేసుకొనుచున్నాను. ఇది పూర్తి మతితో రాసిన అర్జీ గనుక పెద్దగా ఆశ లేదు.

కొత్త బోర్డుకు కూడా కుడిమూలన చుక్క పెట్టాను. చెయ్యి కదిలి కొంచెం పక్కకు పడినది. అయినా అది నేనే.