నాన్న బండి ముల్లు లేచింది

అమ్మా, నేను క్షేమం, నాన్న పికప్పు అంతకంటే క్షేమం. విరిగిన వెనక యాక్సిల్ తీసేసి, పాతబళ్ళ యార్డులో దొరికినదాన్ని బిగించాం గానీ, బండి ఎంత ఉరికినా స్పీడు ముల్లు సున్నా దగ్గరే పడుకుంది. నువ్వేమో ముల్లు చచ్చిన బండెక్కి కంటి ఆపరేషన్‌కి మిసూలా రానంటివి. విప్పి చూస్తే, తెచ్చినదాని కడుపులో పళ్ళ చక్రమే లేదు! సెన్సార్ స్పీడు లెక్కకట్టేది దాన్ని చూసేనట. "ఇద్దరం కళ్ళుండీ గుడ్డోళ్ళమే కదే!" అన్నాడు థర్మన్ మామయ్య. పాత యాక్సిల్లోంచి ఆ చక్రం ఊడదీసి, నీ రొట్టెల ఓవెన్‌లో వేడిచేశాడు. తిట్టకు. వేడికి సాగి, చేతికి గాజు ఎక్కినట్టు తెచ్చిన యాక్సిల్లో జారి కూర్చుంది. సెన్సార్ దాన్ని ముట్టనైనా ముట్టదమ్మా! వెంట్రుకవాసి దూరంలో ఉండి, తిరిగే పళ్ళను లెక్కపెట్టుకుంటుంది.

నిన్న మామయ్య నా ముందు తన కారు నడుపుతూ, యాభై అందుకోగానే కిటికీలోంచి అయిదు వేళ్ళూ చాపాడు. నా ముల్లూ యాభై మీదే!

ఓవెన్‌లో గ్రీజు కంపు దేనితో పోతుంది? పిన్ని మోకాలు ఎలా ఉంది? శుక్రవారం నిన్ను తీసుకెళ్ళడానికి స్పోకేన్‌లో పిన్ని ఇంటికి వస్తున్నా, సంచి సర్దుకో. పిన్నికి ముద్దులు.

కాగితంలో చోటైపోతోంది, ఒక్కమాట. నాన్న పోయేముందు ఆఖరిసారి నడిపి ఆపిన మైళ్ళ అంకె బండి మూలపడి, ఆపైన ఆ చక్రం లేక, ఇన్నాళ్ళూ అలాగే ఉండిపోయింది కదా, నిన్న నా కళ్ళముందే ఒక మైలు ముందుకు దొర్లింది. బండి పక్కకాపి, టోపీ తీసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా.

నీ లోర్నా