పడుకోనిస్తే పూసింది

అక్కా,

నీ మే పుష్పం పూసింది. ఆకులు ఎండగానే చచ్చిపోయిందని మీ అత్తగారు కుండీతో సహా పెంట మీద పారేస్తే, నేనే ఏరుకొచ్చి నా గది కిటికీలో పెట్టాను. నేను పనిచేసే పీచు ఫ్యాక్టరీ నుంచి కొబ్బరి పొట్టు తెచ్చి నింపాను. ఆకులు రాలాక దుంపని పడుకోనివ్వాలని, అప్పుడు నీళ్లు పోయకూడదని నువ్వు చెప్పినట్టే చేశాను.

ఈరోజు నీ సంవత్సరీకం. మీ అత్తగారు వచ్చేరు.

"ఆ పువ్వు కోసియ్యమ్మా, దాని ఫొటోకి పెడతాం."

"పడుకోనిస్తే పూసిందండి. జ్వరంతో ఉన్న మా అక్కని ఒక్క పూటైనా పడుకోనిచ్చేరా?"

"అదెప్పుడూ కుదరదనలేదమ్మా. ఏ పని చెప్పినా ఆయ్ అనేది."

నిజమే. అందుకే నీ మీదా కోపం నాకు. నువ్వు అనాల్సిన మాట ఆవిడతో నేనన్నాను.

"కుదరదండి."

తలుపు వేసేశాను. నీ ఫొటోకి ప్లాస్టిక్ దండే గతి.