పాప మంచం దగ్గర చదివిన కథ

అక్కకు వందనాలు. పాపా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం.

ఆరేళ్లు నిండాయి, ఇక నా పక్కలో కాదని మూడు రోజుల కిందట పాపకు వేరే మంచం వేశాను. "ఒక్కదాన్నే పడుకోను నాన్నా" అంది. భయం అవిశ్వాసమని గద్దించి, ఒంటరిగా పడుకున్న పిల్లవాణ్ణి దేవుడు పేరు పెట్టి పిలిచిన కథ గ్రంథం తీసి చదివాను. సభల్లో నేను ఆ కథ చెబితే జనం లేచి నిలబడతారు. ఇది మాత్రం అప్పటినుంచీ చెవుల్లో వేళ్లు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంటోంది. పడుకోవే అంటే, నిద్రపోతే వేళ్లు జారిపోతాయంది.

"అమ్మను దేవుడు పిలుచుకున్నాడని నువ్వే చెప్పావుగా. నన్ను పిలిస్తే వినపడకూడదు."

నీ మరదలి సమాధి దగ్గర ఆ మాట అందరికీ వినపడేలా చెప్పింది నేనే. నా నోరు పడిపోను.

బావ దగ్గు తగ్గిందా? మీ ఇంటి వెనక గోడ లేచిందా? నా బూడిదరంగు శాలువా అక్కడే మరిచాను, తీసుకురా. ఎలాగైనా నాలుగు రోజులు వచ్చి పాపకు మంచం అలవాటు చెయ్యి. పక్కన కూర్చుని జోకొట్టు, చాలు. దేవుని మాట మాత్రం ఎత్తకు. నేను ఎత్తింది చాలు.

మీ ఇంటిల్లిపాదికీ ఆయన కాపుదల ఉండాలి.

నీ తమ్ముడు