పాత కుర్చీల దుకాణంలో కొత్త పరిశోధన

పరిశోధనా విభాగం డైరెక్టరు గారి సముఖమునకు,

పాత కుర్చీలు, మంచాలు, బీరువాలు కొని అమ్ముకొను దుకాణదారుడు, అనగా తమ పరిశోధక విద్యార్థికి స్వయానా పిల్లనిచ్చిన మామ, రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా అల్లుడు మా దుకాణంలో ఏడాదిగా చేసిన పరిశోధన వల్ల "మేలు కలిగినది" అని ధ్రువపత్రం రాసి ఇవ్వలేకపోవుట, రాసి ఇవ్వకుండా ఇంట్లో తలెత్తుకుని తిరగలేకపోవుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను తమకు కొత్తవాడిని కాను. తమ కార్యాలయములోని బల్లలు, కుర్చీలు మా దుకాణం సరఫరాయే. ఈ అర్జీ తెచ్చిన మనిషి మా వడ్రంగి. దరఖాస్తు ఇవ్వడానికి వచ్చినవాడు పనిముట్ల సంచితో ఎందుకు వచ్చాడని తమ బంట్రోతు అడ్డుపడవచ్చును. కారణం కలదు. దయచేసి లోపలికి రానివ్వవలెను.

తమ విశ్వవిద్యాలయంలో చదువుల సంస్కరణ పేరిట ఒక నిబంధన వచ్చినది. ఇదివరకు పరిశోధకులు గ్రంథాలయంలో కూర్చుని, పదిమంది రాసిన పుస్తకాలు చూసి పదకొండో పుస్తకం రాసి డాక్టరేటు పుచ్చుకొనేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఇప్పుడేమో, పుస్తకంలో రాసిన సిద్ధాంతాన్ని నిజమైన వ్యాపార స్థలంలో ఏడాదిపాటు ఆచరించి, దానివల్ల మేలు కలిగిందో లేదో ఆ యజమాని చేత రాయించుకుని రావాలట. సంస్కరణ తమది. దుకాణం నాది.

మా అల్లుడి విషయం "ఇస్లామీయ ఆర్థిక శాస్త్రంలో నైతిక వినియోగం". నాకు అర్థమైనంతవరకు అందులో రెండే మాటలున్నాయి. సరుకులో లోపముంటే కొనేవాడు అడక్కముందే అమ్మేవాడు చెప్పాలి. అవసరం లేనిది కొనడం వృథా, ఆ వృథా తప్పు. ఈ రెండూ నేను చిన్నప్పటినుంచి మసీదులో శుక్రవారం ప్రసంగంలో వింటున్నవే. విని, తల ఊపి, వచ్చి దుకాణం తలుపులు తీసుకొనేవాడిని. ఆ ప్రసంగానికీ ఈ దుకాణానికీ మధ్య ఎన్నడూ తగవు రాలేదు.

ఈ పరీక్షకు ఒప్పుకోమని సదరు అల్లుడు బజారంతా తిరిగినాడు. బట్టల కొట్టాయన పనుందన్నాడు. చెప్పుల కొట్టాయన వీడు వస్తున్నాడని తెలిసి పక్కసందులోకి తప్పుకున్నాడు. చివరకు మా అమ్మాయి నా వంక ఒక చూపు చూసింది. తమకు ఆడపిల్లలుంటే ఆ చూపు తెలిసే ఉండును. సరే అన్నాను. ఆ తర్వాత జరిగినవి ఈ క్రింద వరుసగా మనవి చేసుకొనుచున్నాను.

1. మొదటి రోజే ఒక పెద్దాయన మంచం కోసం వచ్చినాడు. నేను పైకండువా సర్దుకుని "ఇలాంటి కర్ర ఇప్పుడు వెతికినా దొరకదండీ" అని అందుకున్నాను. సదరు అల్లుడు వినయంగా ముందుకు వచ్చి, "అయ్యా, ఒక్క మాట. దీనికి తలవైపు కుడికాలు దీనిది కాదు, ఇంకో మంచానిది. గోడవైపు తిరిగితే కిర్రుమంటుంది" అన్నాడు.

పెద్దాయన నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను.

అంతటితో ఆగినా బాగుండును. "ఇంట్లో మంచం లేదా అండీ?" అని అడిగాడు వీడు.

"ఉంది బాబూ. నవారు వదులైంది."

"మరి నవారు బిగించుకుంటే సరిపోతుందిగా?"

"నిజమే సుమా! నాకు తట్టనేలేదు" అని ఆ పెద్దాయన వీడి తల నిమిరి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నవారు బిగించేవాడి ఇల్లెక్కడో కూడా వీడే గుమ్మం దాకా వెళ్ళి చెప్పి వచ్చాడు.

2. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి అద్దం బిగించిన బల్ల కోసం వచ్చినది. "ఈ అద్దంలో మనిషి ఉన్నదానికన్నా సన్నగా కనబడతారు. అది లోపం" అన్నాడు మా అల్లుడు. ఆ అమ్మాయి అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుని, "అయితే ఇదే కావాలి, కట్టించండి" అంది. అయ్యా, నా వ్యాపార జీవితంలో లోపం చెప్పినా సరుకు అమ్ముడుపోబోయిన క్షణం అదొక్కటే. నేను తాడు కోసం లోపలికి పరిగెత్తాను. తాడు తెచ్చేలోపు వీడు "రోజుకు ఎన్నిసార్లు చూసుకుంటారు? అవసరానికా, అలవాటుకా?" అని అడిగి ఊరుకున్నాడు. మొగుడు ఫక్కున నవ్వాడు. "ఎందుకు నవ్వారు?" అంది ఆ అమ్మాయి. ఆ మాట మీద మాట పెరిగి, ఒకరు ఈ వైపు, ఒకరు ఆ వైపు వెళ్ళిపోయారు. వారి సంసారం ఇప్పుడెలా ఉందో నాకు తెలియదు. అద్దం మాత్రం నా దుకాణంలోనే ఉంది. దిగులు పుట్టినప్పుడల్లా నేనే చూసుకుంటున్నాను, సన్నగానే కనబడుతున్నాను.

3. ఈ జబ్బు ఇంటికి కూడా అంటుకున్నది. మా ఆవిడ కంచం ముందు పెట్టి, "కూర అడుగంటింది, ఉప్పు రెండుసార్లు వేశాను, ఇష్టమైతే తినండి" అంటున్నది. ఇదివరకు నేనే కనిపెట్టి కోప్పడేవాడిని. ఇప్పుడు ఆ సుఖం కూడా లేదు. మొన్న మా బావమరిది నాలుగు రోజులుందామని పెట్టెతో దిగాడు. ఆవిడ గుమ్మంలోనే, "అన్నయ్యా, ముందే చెబుతున్నా. పైగదిలో దోమలు, మీ బావగారి గురక, పొద్దున నీళ్ళు రావు" అన్నది. అతడు పెట్టె కిందపెట్టకుండానే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పరిశోధనను నేను నోరారా మెచ్చుకున్నది ఆ ఒక్క రోజే.

4. ఈ అంశము రాయుటకు ఇంకను ధైర్యము చాలనందున ప్రస్తుతము ఖాళీగా వదలడమైనది.

5. వ్యాపారం సంగతి. కొనేవాళ్ళు తగ్గిపోయారు. బాగుచేయించుకునేవాళ్ళు మాత్రం విరిగినవన్నీ మోసుకుని వస్తున్నారు. "ఉన్నది బాగుచేసుకుంటే కొత్తది కొన్నట్టే" అని వీడు చెప్పి పంపించిన జనమే వాళ్ళంతా. మా వడ్రంగి ఇప్పుడు అల్లుణ్ణి చూస్తే లేచి నిలబడుతున్నాడు, నన్ను చూస్తే కూర్చునే ఉంటున్నాడు. ఇదివరకు వారానికొకడైనా దుకాణం ముందుకొచ్చి "ఏమయ్యా, ఇదేనా నువ్వు చెప్పిన గట్టి కర్ర?" అని వీధంతా వినబడేలా అరిచేవాడు. ఈ ఏడాది ఒక్కడూ రాలేదు. కొన్నవాడే లేకపోతే తిట్టడానికెవడొస్తాడు?

6. ఇక అసలు సంగతి. తమ పరిశోధనా సంఘం వచ్చే వారం కూర్చొని మా అల్లుడి విషయం తేల్చునట. ధ్రువపత్రం ఉంటే డాక్టరేటు, దాని వెంటే కళాశాలలో అధ్యాపకుడి ఉద్యోగం. లేకుంటే రెండూ లేవు. మా అమ్మాయి పగలు పసిపిల్లల బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంట్లో ఇంకొందరికి చెప్పి, గొంతు పోయి, సైగలతో కాపురం చేస్తూ వీడి చదువు ఇంతదూరం లాక్కొచ్చింది. తమరు పంపిన కాగితంలో ప్రశ్న ఒక్కటే. "ఈ సిద్ధాంతం వలన తమ వ్యాపారమునకు మేలు కలిగినదా?"

నిన్న భోజనాలయ్యాక మా అమ్మాయి కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టి, మిగిలిన కాస్త గొంతుతో అన్నది.

"నాన్నా, అవునని రాసి సంతకం పెట్టెయ్యి. నీకేం పోతుంది? నువ్వు చెప్పని అబద్ధమా?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం కాబట్టి ఊరుకున్నాను.

"వద్దు మామయ్యా" అన్నాడు అల్లుడు. "ఉన్నదే రాయండి. కాదనే రాయండి. నేను ఇంకో ఏడాది చేసుకుంటాను."

ఇంకో ఏడాది! "ఎక్కడ చేస్తావు నాయనా?" అన్నాను.

"మన దుకాణంలోనే. ఇంకెవరు రానిస్తారు?"

మా అమ్మాయి కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపల కొళాయి నీళ్ళు పోతున్నాయి గాని కంచాలు కడుగుతున్న చప్పుడు లేదు. మా ఆవిడ నా చెవి దగ్గరికి వచ్చి, "పిల్ల ఏడుస్తోందండీ. రెండక్షరాలు గీకితే మీ సొమ్మేం పోయింది?" అన్నది. లోపాలన్నీ చెప్పే మనిషే ఆ మాట అన్నది. తల్లి కదా.

సరేనని కలం తీశాను. అయ్యా, చెయ్యి కదల్లేదు. ఒంటికాలి కుర్చీని గోడకు చేరవేసి, దాని ముందు నేనే అడ్డం నిలబడి అమ్మిన చెయ్యి ఇది. చెదపురుగు తిన్న బీరువాకు "ఇదొక రకం చెక్కుడు పని" అని పేరు పెట్టిన నోరు ఇది. అలాంటివాడిని, కన్నకూతురి కోసం, అవునని చిన్న ముక్క రాయలేకపోయాను. రాద్దామనుకున్నప్పుడల్లా చెవి పక్కన "అయ్యా, ఒక్క మాట" అని వీడి గొంతు వినబడుతున్నది. తిరిగి చూస్తే వీడు పాపం నోరు విప్పలేదు. గిన్నెలు సర్దుతున్నాడు.

అప్పుడు నా బుర్రకెక్కింది. ఏడాది పాటు తమ సిద్ధాంతం ఊళ్ళోవాళ్ళందరి మీదా ప్రయోగించారు. వాళ్ళందరూ విని, నవ్వి, ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. పట్టుకున్నది ఒక్కణ్ణి. ఆ ఒక్కడినీ నేనే. ఇది తమ సంఘం వారి లెక్కలో మేలో కీడో నాకు తెలియదు. నాకు మాత్రం చాలా ఇబ్బందిగా ఉంది.

కావున తమను ప్రార్థించునది:

ధ్రువపత్రమునకు బదులు ఈ అర్జీనే స్వీకరించవలెను. వ్యాపారమునకు మేలు కలగలేదు. వ్యాపారికి ఏదో కలిగినది. దాని పేరేమిటో చదువుకున్నవారు తాము తేల్చవలెను.

పనికొస్తుందని తేలితే మా అల్లుడికి ఆ ఉద్యోగం త్వరగా ఇప్పించవలెను, వీలైనంతవరకు మా దుకాణమునకు దూరముగా. పనికిరాదని తేలితే రెండవ ఏడాది చెప్పుల కొట్టులో వేయవలెను. ఆయన ఏ సందులో దాక్కుంటాడో నేను చూపించెదను.

ఉద్యోగంలోకి తీసుకొనుటకు ముందు అల్లుడి లోపములు కూడా తెలుపవలసిన బాధ్యత నాకున్నది. మాట మొదలుపెడితే ఆపడం తెలియదు. అన్నం వేళకు పిలిస్తే రాడు, వచ్చినా ఏం తిన్నాడో చెప్పలేడు. పిల్లవాడు రాసింది తప్పయితే తప్పంటాడు. తమరు చెప్పింది తప్పయినా, పదిమందిలో, అంతే వినయంగా, తప్పంటాడు. దీన్ని బాగుచేసే వడ్రంగి లేడు. ముందే తెలియజేశాను, రేపు నన్ను అనవద్దు. ఇంతకీ నాకు వాడంటే ప్రాణం. ఈ ముక్క అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు, రాసేశాను. కొట్టివేయుటకు మనసు రావడం లేదు.

ఈ సంగతులన్నియు చిత్తగించవలెను. తీరిక లేకున్న ఆరవ అంశమైనను చిత్తగించవలెను. మా అమ్మాయి కంచాలు ఇంకా అలాగే ఉన్నాయి.

తమ విధేయుడు
(కోపము కలదు, చెవి కొంచెం మందము, విధేయత మాత్రం అసలుదే)
పాత కుర్చీల దుకాణదారుడు

తా.క.: నాలుగవ అంశము. ధైర్యము వచ్చినది, ఇక దాచను. తాము ప్రస్తుతం కూర్చుని ఈ అర్జీ చదువుచున్న పెద్ద కుర్చీ కూడా నేను అమ్మినదే. "రాజాలా కూర్చోండి సార్, మీ తర్వాత వచ్చేవారు కూడా దీంట్లోనే కూర్చుంటారు" అన్నాను, తమకు గుర్తుండే ఉండును. దాని ఎడమవైపు వెనకకాలు రెండు ముక్కలు. నడుమ జిగురు, పైన రంగు. నిటారుగా కూర్చున్నంతకాలం ఏమీ కాదు. ఇన్నాళ్ళూ కాకపోవుటకు తమ క్రమశిక్షణే కారణము, నా కుర్చీ కాదు. ఇప్పుడు ఇది చదివి కోపంతో గాని, నవ్వుతో గాని వెనక్కి మాత్రం వాలవద్దు. వడ్రంగి మంచి కాలు పట్టుకుని తమ ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ముందు మెల్లగా లేవండి సార్. అల్లుడి కాగితం మీద తమ సంతకం సంగతి తర్వాత చూసుకుందాం.