నిలేసిన అరుపు

నవంబర్ 16, ఆదివారం

పెద్ద ఆడ అడవిపంది పడింది. నా కుక్క సుమి దాన్ని కదలనివ్వకుండా నిలేసింది, నేను వెళ్ళి పని ముగించాను. షెడ్డులో మాంసం ఎప్పటిలాగే అందరికీ సమానంగా పంచాం. మాటులో కూర్చుని కునికిపాట్లు పడ్డవాడికి కూడా ఒక వాటా. మా వేట గుంపులో అదే పద్ధతి.

యసుహికో అంతా వీడియో తీశాడు. మా ఆయన తమ్ముడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి వాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి, బడికి అన్నం డబ్బా నేనే కట్టిచ్చేదాన్ని. ఇప్పుడు వాడు ‘కొండబాబాయ్’. ఛానెల్ పేరు అది. ఎనభై వేలమంది చూస్తారట. మా ఊళ్ళో మనుషులు మూడొందలమంది కూడా లేరు, ఎవరో ఈ చూసేవాళ్ళంతా.

వదినా, కెమెరా వైపు చూసి కాస్త నవ్వు అన్నాడు. చేతుల నిండా నెత్తురు పెట్టుకుని ఏం నవ్వనురా, నీ మొహం అన్నాను. అది కూడా పెట్టేశాడు. దానికే లైకులు ఎక్కువట. కిందంతా కొండ వదిన, కొండ వదిన అని కామెంట్లు. యాభై మూడేళ్ళకి నాకీ పేరు.

సుమి అంటే జనానికి ఇంకా పిచ్చి. కుక్క ఎప్పుడు ఏమంటోందో మీకెలా తెలుస్తుంది అని ఎవరో అడిగారట. యసుహికో నన్ను కూర్చోబెట్టి చెప్పించాడు. తరిమేటప్పుడు అరుపు సన్నగా, తెగి తెగి, పరుగెడుతూ ఉంటుంది. పందిని నిలేశాక ఒకేచోట, బరువుగా, ఆగకుండా వస్తుంది. పట్టుకున్నాను, రా, రా అని. ఆ అరుపు వింటే మాటుల్లో ఉన్నవాళ్ళు తుపాకిలోంచి తూటాలు తీసేయాలి. కుక్కని వదిలినవాళ్ళే లోపలికి వెళ్ళాలి. పందీ కుక్కా కలగలిసి ఉంటాయి, తూటాకి కళ్ళుంటాయా అన్నాను. సూపర్ వదినా అన్నాడు.

నవంబర్ 23, ఆదివారం, సాయంత్రం

సుమి రాలేదు.

పొద్దున వాగు ఎగువన వదిలాను. తరిమే అరుపుతో కొండ దాటి అవతలికి పోయింది. గాలి విపరీతం, వాగు నిండుగా ఉంది, అవతలి చప్పుడు ఇవతలికి రాదు. మెడపట్టీకున్న జీపీఎస్ కాసేపు చుక్క చూపించి ఆరిపోయింది. అవతల జంటరాళ్ళ మాటులో ఉన్నది యసుహికో ఒక్కడే. వాకీటాకీలో పంది పడిందన్నాడు. సుమి అక్కడికొచ్చిందా అని అడిగాను. లేదు వదినా, పంది ఒంటరిగా వచ్చింది, కుక్క జాడే లేదు అన్నాడు.

చీకటి పడేదాకా పిలిచాను. గొంతు పోయింది.

నవంబర్ 24

దాని గిన్నెలో నీళ్ళు మార్చాను.

నవంబర్ 26, బుధవారం

మెడపట్టీ దొరికింది. వాగు దిగువన, నీళ్ళలో, రాళ్ళ మధ్య. కనిపెట్టింది యసుహికోనే, లైవ్‌లో. నడుంలోతు నీళ్ళలో నిలబడి పట్టీ పైకెత్తి చూపించి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఒడ్డున కూలబడ్డాను.

పట్టీ తెగలేదు. బకిల్ ఊడి ఉంది. రాళ్ళకి కొట్టుకుని ఊడొచ్చు వదినా, కొట్టుకుపోయినా ఎక్కడో ఒడ్డెక్కే ఉంటుంది, సుమి మొండిది అన్నాడు. అవును, మొండిది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను. వాడు అన్నం కలిపి పెడితే తినేశాను కూడా.

నవంబర్ 30, ఆదివారం

మనుషులు ఇంత మంచివాళ్ళని నాకు తెలియదు. వేటగాళ్ళ గ్రూపులన్నిటిలో సుమి ఫొటో తిరుగుతోంది. ఎక్కడో ఉత్తరాన మంచులో ఎలుగుల్ని వేటాడే ఆవిడ, తన కుక్క పోయి తొమ్మిది రోజులకు తిరిగొచ్చిందని రాసింది. వేటంటే గిట్టని వాళ్ళు సైతం, వేట సంగతి తర్వాత, కుక్క దొరకాలి అని రాశారు. అన్నీ యసుహికోనే చదివి వినిపిస్తున్నాడు. పగలంతా కొండ మీదే, నాతోపాటు. వాడు లేకపోతే నేనేమైపోయేదాన్నో.

నన్ను మళ్ళీ కెమెరా ముందు కూర్చోబెట్టాడు. బతికుంటే సరే అన్నాను. చచ్చిపోయి ఉంటే నాకు అది కనిపించాలి. వేటలో చచ్చిన కుక్కని మేం పెరట్లో పూడ్చం. కొండ మీదకి మోసుకెళ్ళి, రాయి పెట్టి, ఆ తర్వాత పడిన పంది గుండె ముందు దానికే పెడతాం. అప్పుడది కోజాకి అవుతుంది, కుక్కలకి దేవుడవుతుంది. అది జరగకపోతే ఎక్కడుందో తెలియని కుక్కగా ఉండిపోతుంది. నా సుమి అలా ఉండిపోకూడదు అన్నాను. ముక్కు కారిపోతోంది. అది తీసెయ్యరా అన్నాను. వద్దు వదినా, అలాగే ఉండనీ, జనం మనసుకి తాకుతుంది అన్నాడు.

మా ఆయన మోరియో ఈ వీడియోలేవీ చూడడు. చూపు సరిగా ఆనదు. మోకాళ్ళు పోయాక తుపాకి పోలీసులకి అప్పగించేశాడు. తమ్ముడు ఊరికే అంత ఏడుస్తాడేమిటి అన్నాడు ఇవాళ. ఒళ్ళు మండిపోయింది. నీకు లేని మనసు వాడికుంది అని మాట అనేశాను.

డిసెంబర్ 6

కొండబాబాయ్‌కి లక్ష దాటిందట. ఎవరో బూట్ల కంపెనీవాళ్ళు కొత్త జత పంపారు. సుమి పుణ్యమే వదినా అన్నాడు. నాకు నచ్చలేదు, కానీ ఊరుకున్నాను.

డిసెంబర్ 13, శనివారం, ఉదయం

విన్నది విన్నట్టు రాస్తాను.

జంటరాళ్ళ మాటు వీడియో పెట్టాడు. సుమి పోయిన రోజుది. జనం అడుగుతున్నారు వదినా, పంది పడిన ముక్క మాత్రమే పెడతా అని నిన్న చెప్పాడు. పెట్టుకోరా అన్నాను. మా ఆయన నిద్రపోతున్నాడని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాను.

వాడు ఆకుల వెనక కూర్చుని కెమెరాతో గుసగుసలాడుతున్నాడు. పంది వస్తుందనిపిస్తోంది, ఊపిరి బిగబట్టాను అంటున్నాడు. వెనకాల వాగు హోరు. ఆ హోరు కింద, దూరంగా, పల్లంలో, ఒకే చోట. బరువుగా. ఆగకుండా.

సుమి.

నిలేసిన అరుపు. పట్టుకున్నాను, రా, రా అని. దాన్ని పాలసీసాతో పెంచినదాన్ని, నాకు తెలియదా. తర్వాత బొమ్మ తెగింది. తర్వాతి బొమ్మలో పంది పడుంది, వాడు పక్కన నిలబడి టోపీ తీసి దండం పెడుతున్నాడు. కుక్క జాడే లేదన్నాడు కదా. పంది ఒంటరిగా వచ్చిందన్నాడు కదా.

అదే రోజు, మధ్యాహ్నం

ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టాను. విను అన్నాను, అంతే. కుక్కల అరుపులు నాకు నేర్పింది ఆయనే. విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ విన్నాడు. ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, ఇది సుమి, నిలేసింది, మా వాడు తూటా తియ్యలేదు అన్నాడు. లేచి పెరట్లోకి పోయి పుట్టగొడుగులు పెంచే దుంగల మధ్య నిలబడ్డాడు. వర్షం పడుతోంది. గొడుగు తీసుకెళ్ళాను. వద్దన్నాడు.

నేను ఇన్నాళ్ళూ ఏడ్చింది వాడి భుజం మీద తల పెట్టి.

డిసెంబర్ 14, ఆదివారం

షెడ్డులో అందరి ముందూ ఫోన్ పెట్టాను. గుంపుకి పెద్ద అరియోషి తాత. ఆయనకి ఎనభై దాటాయి, ఇయర్‌ఫోన్ చెవిలో ఎలా పెట్టుకోవాలో తెలియక తిరగేసి పెట్టుకున్నాడు, నేనే సరిచేశాను. విన్నాడు. యసుహికో వైపు తిరిగి, ఎక్కడుందిరా అన్నాడు. అరవలేదు, కొట్టలేదు. అంతే అడిగాడు.

వాడు కింద కూర్చుండిపోయాడు. మొత్తం చెప్పేశాడు. అరుపు వినిపించిందట. నిలేసిందని తెలుసట. నాకు చెబితే నేను కొండ దాటి వచ్చేసరికి పంది తెంచుకుని పోతుందనుకున్నాడట. నిలేసిన పంది మీద దగ్గర నుంచి కాల్చిన షాట్ ఎవరి ఛానెల్‌లోనూ లేదట. ఒక్క తూటా వదినా, పందిలోంచి దూసుకుపోయి దానికి తగిలింది అన్నాడు. చెబుదామనుకున్నా, నీ మొహం చూసి నోరు రాలేదు అన్నాడు. పట్టీ నువ్వే విప్పావా అన్నాను. తలూపాడు. విప్పి, వాగులో పడేసి, మూడో రోజు లైవ్ పెట్టుకుని వెతికి తీశాడు.

మరి ఈ వీడియో ఎందుకు పెట్టావురా అన్నాను. వాగు చప్పుడు బాగుందని ఉంచేశా వదినా, అందులో ఈ అరుపు నాకు వినిపించలేదు అన్నాడు.

వినిపించలేదట.

తర్వాత ఇంకో మాట అన్నాడు. తప్పు ఒప్పుకుంటూ లైవ్ పెడతాను, లక్షమంది ముందు నీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాడు. అప్పటిదాకా నాకు ఏడుపు వస్తోంది. ఆ మాటతో ఆగిపోయింది. దీన్ని కూడా వీడియో చేస్తావుట్రా అన్నాను. అరియోషి తాత వాడి ఒంటి మీది నారింజరంగు వేట చొక్కా విప్పించి మేకుకి తగిలించాడు. మా గుంపులో మళ్ళీ వాడు అది వేసుకోడు.

సుమిని వాడు జంటరాళ్ళ కింద పెద్ద చెట్టు వేళ్ళ మధ్య పూడ్చాడు. మీద రాళ్ళు పేర్చాడు. రాళ్ళు ఒక్కొక్కటీ తీసింది నేనే. వాణ్ణి ముట్టుకోనివ్వలేదు. మా ఆయన మోకాళ్ళు పట్టుకుని, ఇద్దరి భుజాల మీద చేతులేసి అంత కొండా ఎక్కొచ్చాడు. తమ్ముడి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. సుమిని నా చిరిగిపోయిన తువ్వాల్లో చుట్టి ఎత్తుకున్నాను. చాలా తేలిగ్గా ఉంది.

డిసెంబర్ 15

కొండ మీద పెట్టాం. రాయి మా ఆయన ఏరాడు. పంది గుండె అరియోషి తాత తెచ్చాడు. నిన్నటి పంది, పక్క లోయ గుంపువాళ్ళది. విషయం విని వాళ్ళే అడక్కుండా ఇచ్చారట. రాయి మీద షోచూ సారా పోశాం. ఇక అక్కడ సుమి లేదు, కోజాకి ఉంది అన్నాడు తాత. నేను సుమీ అనే పిలిచాను.

డిసెంబర్ 16

జనం ఇంకా అడుగుతున్నారు. నా పేరు మీద మొదటిసారి నేనే రాశాను. సుమి దొరికింది, ఇంటికి చేరింది అని. వేల హృదయాలు వచ్చాయి. గంతులేసే బొమ్మలు వచ్చాయి. అందరూ బతికుందనుకున్నారు. అది కాదని ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు.

డిసెంబర్ 20

యసుహికో గుమ్మం దాకా వచ్చాడు. ఛానెల్ మూసేస్తున్నాను వదినా, ఆ వీడియో తీసేస్తున్నాను అన్నాడు. ఛానెల్ నీ ఇష్టం, ఆ వీడియో మాత్రం ముట్టుకున్నావో చంపేస్తా అన్నాను. ఎందుకని అడగలేదు. లోపలికి రమ్మని నేనూ అనలేదు. అన్నం తిన్నావా అని నోటి చివరదాకా వచ్చింది, పాతికేళ్ళ అలవాటు. మింగేశాను.

డిసెంబర్ 28, ఆదివారం

మిగతావన్నీ తీసేశాడు. అదొక్కటే ఉంది. రోజూ పొద్దున్నే చెవుల్లో పెట్టుకుని వింటాను. బొమ్మ తెగేలోపు ఆపేస్తాను. అక్కడిదాకా సుమి పందిని పట్టుకునే ఉంటుంది, నన్ను పిలుస్తూనే ఉంటుంది.

వస్తున్నానే, వస్తున్నా అంటాను.