టోపీ సాయిలు చావని ఆట

షాద్‌నగర్,
అక్టోబరు 1946

ప్రియమైన బావ బీరన్నకు,

కృష్ణయ్య రాసేది. నేను క్షేమం. నువ్వూ, మా చెల్లె గుర్వమ్మా, మేనల్లుడు కురుమయ్యా బాగున్నారని తలుస్తాను. గొర్ల సంగతి వేరే అడగాలా? వాటికి జలుబు చేస్తే నువ్వే తుమ్ముతావు.

మా డేరా టాకీసు ఇక్కడ జాగా కిరాయికి తీసుకుని ఆడుతోంది. రోజూ తెలుగు బొమ్మలే. దేవుళ్లు, భక్తులు, పద్యాలు. వాళ్ల మాటలు వాళ్లే మాట్లాడుకుంటారు, నాతో పనిలేదు. శనివారం మాత్రం మన పాత ఇంగ్లీషు దొంగల బొమ్మ వేస్తారు. ఆ పూట రేకు గొట్టం పట్టుకుని తెర పక్కన నిలబడి కథంతా తెలుగులో చెప్పేది నేను. ఆ పూటకు నేనే రాజును.

నిన్న చెబుతుంటే సికింద్రాబాదు మతికొచ్చింది. గొంగళ్లన్నీ అమ్ముడుపోయిన సంబరంలో, ఇదే బొమ్మ ఆడుతున్న హాల్లో దూరాం గుర్తుందా? ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమంటుండురా?" అని నువ్వు డొక్కలో పొడుస్తుంటే, తోచింది తోచినట్టు చెప్పాను. టోపీ పెట్టుకున్న ఆ దొంగకు సాయిలు అని నేనే పేరు పెట్టాను, వాడిని పట్టిచ్చినవాడికి ఎల్లేశం అని. ముందు వరుస ముసలాయన గిర్రున తిరిగితే తిడతాడనుకున్నాను. "జర గట్టిగ జెప్పు బిడ్డా, మాకు గూడ ఇనవడాలె" అన్నాడు. మిషన్ బడిలో మనిద్దరం నాలుగో తరగతి దాకా చదివినా రాని బతుకుదెరువు నాకు నీ మోచేతి పోటుతో వచ్చింది.

ఆ బొమ్మలో నాకు ప్రాణం గుడ్డు ఒలిచే చోటు. పగవాడు పిస్తోలు పట్టుకుని ఎదురుగా నిలబడతాడు. సాయిలు ఉడికిన గుడ్డు తీసి, పెంకు చిన్న చిన్నగా ఒలుస్తూ కూర్చుంటాడు. డేరాలో ఒక్కడు దగ్గడు. అక్కడ నేనూ గొట్టం దించేస్తాను.

మా డేరా షావుకారు మాత్రం "ఆఖరుకు గా సాయిలును బతికియ్యరాదు? జనం ఖుషీ అయితరు" అని సతాయిస్తున్నాడు. నేను వినను. ఇన్నేళ్లలో ఏ ఊళ్లోనూ మార్చలేదు, నీకు తెలుసు. అంత ఎదిగినవాడు గుండు తగిలి చేపల బజారులో పడాలి. చేపలమ్ముకునే తల్లి బిక్షమ్మ పోలీసులను తోసుకుంటూ వచ్చి వాడి మొహం తుడవాలి. అది తీసేస్తే ఉత్త తుపాకుల చప్పుడే మిగులుతుంది.

డిసెంబరులో నార్కట్‌పల్లికి వస్తున్నాం. ముందు వరుస మీదే.

నీ బావ,
కృష్ణయ్య


మన ఊరు,
నవంబరు

ప్రియమైన బావకు బీరన్న రాసేది.

నువ్వు రాజువా! డేరా విప్పినాక గుంజలు మోసే రాజువు. చదివి వినిపిస్తే గుర్వమ్మ కూడా నవ్వింది.

నీ గుడ్డు నువ్వే తిను. నాకు ఇష్టమైన చోటు వేరు. సాయిలు ఆ పట్నం పెద్ద దొర గదిలోకి పోయి, ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీలో కూర్చుంటాడు చూడు, అది. మన దొర ఉండే గడి ముందు నుంచి పోవాలంటే ఇప్పటికీ చెప్పులు చంకలో పెట్టుకుంటాను. వాడు ఆ కుర్చీలో వెనక్కి వాలితే నా నడుము నొప్పి పోతుంది బావా. వాడు మంచివాడని నేననను. దొంగ, ఖూనీకోరు. అయినా ఆట నడిచినంతసేపు వాడు నావాడు. ఇంటికొచ్చి గొర్లను చూసుకుంటే మళ్లీ దొంగలంటే ఒళ్లు మండుతుంది.

నీ అల్లుడు బొమ్మ చూసి ఊరుకునే రకం కాదు. మొన్న గడి ముందు నుంచి చెప్పులతోనే నడిచాడు. దొర పిలిపిస్తే పోలేదు. "నాయినా, ఇగ వెట్టికి గొర్రెనియ్యొద్దు, గొంగడియ్యొద్దు" అని చెప్పి దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లతో వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. గుర్వమ్మ రోజూ వాడి వాటా రొట్టె తీసిపెడుతుంది. "పిలగాడు వస్తడు, గట్ల మొఖం పెట్టకు" అని నన్నే కసురుతుంది. నాకు మాత్రం బుగులుగా ఉంది.

నీ బావ,
బీరన్న


జడ్చర్ల,
నవంబరు

ప్రియమైన బావకు,

ఫికర్ చేయకు. డేరా గుడ్డ కింద నుంచి దూరి, టికెట్ లేకుండా బొమ్మలన్నీ చూసినవాడు కురుమయ్య. వాడిని పట్టేవాడు ఇంకా పుట్టలేదు. నార్కట్‌పల్లిలో వాడికోసం గుడ్డ జర వదులుగా కడతానని మా చెల్లెకు చెప్పు.

తొందరలో ఉన్నాను. ఉంటాను.

నీ కృష్ణయ్య


మన ఊరు,
డిసెంబరు

బావా,

కురుమయ్య లేడు. గుట్టల కాడ దొర తరఫు తుపాకులవాళ్లు చుట్టుముట్టి కాల్చేశారట. సంఘంలో తిరిగే మన పెద్దులు వచ్చి చెప్పిపోయాడు. శవాన్ని కూడా అక్కడే తగలబెట్టారట. గొర్లకాడ ఒక్కణ్నే గొంగడి నెత్తిన కప్పుకుని ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికి పోయాను.

గుర్వమ్మకు చెప్పలేదు. ఆమెకు గుండెదడ పట్టుకుంది. వాడొస్తాడన్న ఒక్క ఆశ మీదే ఆ రెండు ముద్దలు తింటోంది. ఈ మాట చెబితే ఆమె కూడా నాకు దక్కదు.

నీ డేరా వచ్చిందని విని పోదామంటోంది. ఏటా పోయేవాళ్లం, ఆపితే అనుమానపడుతుంది. బావా, నీ కాళ్లు మొక్కుతాను. ఈ ఒక్క ఆటకు సాయిలును చంపకు. ఆ తల్లిని తెర మీదికి రానియ్యకు. నీ పట్టుదల తెలిసే అడుగుతున్నాను. దీనికి ఇంటికి జవాబు రాయకు.

బీరన్న


నార్కట్‌పల్లి,
డిసెంబరు

ప్రియమైన బావకు,

ఈ జాబు గొర్లకాడ నీ చేతికే ఇమ్మని పెద్దులుతో పంపుతున్నాను. నిన్న చెల్లె పక్కనుండగా నీ మొహంలోకి కూడా చూడలేకపోయాను.

నువ్వు అడిగినట్టే చేశాను. గుండ్లు పేలగానే, బొమ్మ తిప్పే మా రఘుపతి నేను ముందే చెప్పినట్టు మిషన్ ఆపి, రీలు తెగిందన్నాడు. ఉత్త తెర ముందు నిలబడి అరిచాను. "పడ్డది సాయిలు గాదు! తన టోపీ ఎల్లేశం నెత్తికి పెట్టి తప్పిచ్చుకున్నడు. ఏరు దాటిండు, రైలెక్కిండు. అవ్వా, నేను మంచిగున్న, ఫికర్ జెయ్యకని తల్లికి కబురంపిండు!" సగం డేరా ఈలలు వేసింది. తక్కిన సగం నన్ను తిట్టింది. షావుకారు ఒక్కడే మురిసిపోయాడు.

తల్లికి కబురు అనేచోట నా గొంతు పట్టేసింది. దగ్గుతో కప్పిపుచ్చుకున్నాను. నా కళ్ల ముందు పెరిగిన పిల్లవాడు బావా! చెవి పట్టుకుని బయటికి లాగింది నేనే, షావుకారు అటు తిరగగానే మళ్లీ లోపలికి తోసింది నేనే. ఎట్లా మరిచిపోను?

చెల్లె పోయేటప్పుడు నాకు దండం పెట్టింది. నవ్వినట్టే ఉంది. నమ్మిందనుకుంటాను. ఆ ప్రభువు నన్ను క్షమించాలి.

నీ కృష్ణయ్య


మన ఊరు,
జనవరి 1947

ప్రియమైన బావకు,

గుర్వమ్మ నమ్మలేదు.

కొన్నాళ్లు మామూలుగానే తిరిగింది. నిన్న మేకపాలు పితుకుతూ, తల ఎత్తకుండా అడిగింది. "పిలగాన్ని యాడ జంపిండ్రు?"

"ఎవలు జెప్పిండ్రే నీకు?" అన్నాను.

"కృష్ణన్న జెప్పిండు. ఇన్నేండ్ల సంది గా బొమ్మ జూస్తున్న. ఎంతమంది బతిమాలినా సాయిలును బతికియ్యనోడు, నేను కూసున్న ఆటకే ఎందుకు బతికిస్తడు? అన్న గొంతు వణకంగనే నా కడుపుల కత్తి దిగింది. మీరిద్దరు గంత కష్టపడి దాస్తుంటే, మీ మొఖాలు జూసి ఊకున్న."

నీకు దండం పెట్టింది అందుకట. ఆమెను మనం కాపాడుతున్నామనుకున్నాం. ఆమే మనల్ని ఓదార్చింది బావా. గుట్టల కాడ జరిగిందంతా చెప్పేశాను. అక్కడే మేకల నడుమ కూలబడి ఇద్దరం ఏడ్చాం. ఇన్నాళ్లు బిగబట్టిన దుఃఖానికి నాకూ కట్ట తెగింది.

ఏడుపు జర నెమ్మదించినాక మళ్లీ తనే అంది. "గుడ్డు కృష్ణన్న జూడనీ, కుర్సి నువ్వు జూసుకో. నేను ఏటా పొయ్యేది ఆఖరు ముచ్చటకే. దొంగోడు గానీ, ఖూనీకోరు గానీ, తల్లి ఆని మొఖం తుడిసి సాగదోలింది. గంత పెద్ద పట్నంల, గంతమంది పోలీసోళ్ల నడుమ, ఆమెను ఎవ్వలు ఆపలే. నాకు నా కొడుకు మొఖం దొరకలే. గా తల్లినన్న జూద్దామని వస్తే, గది గూడ మీరే దాసిండ్రు గదయ్యా."

దీనికి నీ దగ్గర జవాబు ఉందా?

ఆదివారం చుట్టాలను పిలుస్తున్నాను. వాడు పోయాడని ఊరందరి ముందు చెబుతాను, గడివాళ్లు ఏమనుకుంటే నాకేం. మేనమామవు, నువ్వు ముందు రావాలి. గుర్వమ్మ ఈ మాట రాయమంది: "అన్నను రమ్మను. డేరా వద్దు, తెర వద్దు. మా వాకిట్ల కూసొని ఆఖరుది ఉన్నదున్నట్టు జెప్పుమను."

వచ్చి చెప్పు బావా. తల్లి మొహం తుడిచేచోట మాత్రం తొందరపడకు. ఆమె చాలన్నదాకా చెప్పు.

నీ బావ,
బీరన్న